సుత్తి పట్టుకుని పుట్టినవాడు

అందరికీ నమస్కారం. ముందు ఒక సామెత చెప్తాను. మనది కాదు, ఫిన్లండ్ వాళ్లది. కొత్తగా పని నేర్చుకునేవాడు చేతకాక తిట్టుకుంటుంటే అక్కడి పెద్దవాళ్లు అంటారు, "పుట్టుకతోనే ఎవడూ కమ్మరి కాడు" అని. మంచి మాటే. కానీ ఆ దేశపు పాత పాటల్లోనే ఒకడున్నాడు, అచ్చం పుట్టుకతోనే కమ్మరి. బొగ్గుల గుట్ట మీద పుట్టాడు. ఒక చేతిలో రాగి సుత్తి, ఇంకో పిడికిట్లో చిన్న పట్టకారు. రాత్రి పుట్టాడు, తెల్లారేసరికి కొలిమి కట్టుకునే పనిలో ఉన్నాడు. పేరు ఇల్మరినెన్. సామెత పెట్టినవాళ్లకి ఇతని సంగతి తెలియదా అంటే, తెలుసు. ఇతను ఒక్కడే అలాంటివాడని కూడా తెలుసు. (నవ్వులు)

ఈ పాటలన్నీ ఉన్న ఇతిహాసం పేరు కలెవల. దాన్ని ఏ ఋషీ రాయలేదు, కూర్చినవాడు ఒక డాక్టరు. ఎలియాస్ లోన్‌రోట్ అని, కయానీ అనే చిన్న ఊళ్లో జిల్లా వైద్యుడు. అప్పుడు ఫిన్లండ్ రష్యా చక్రవర్తి కింద ఉంది. ఆఫీసుల్లో, కాలేజీల్లో నడిచేది స్వీడిష్. ఇంట్లో, పొలంలో జనం మాట్లాడే ఫిన్నిష్‌కి సర్కారు ఆఫీసుల్లో చోటు లేదు, దానికీ స్వీడిష్‌తో సమాన హోదా ఇవ్వాలని ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది 1863లో. అలాంటి రోజుల్లో, 1828 నుంచి, ఈ మనిషి కాలినడకన, పడవల్లో, మంచు మీద తిరిగి పాటలు రాసుకున్నాడు. సరిహద్దు దాటి రష్యా వైపున్న కరేలియా పల్లెలకు వెళ్లాడు. 1834లో లత్వయార్వి అనే ఊళ్లో అర్హిప్పా పెర్తునెన్ అనే గాయకుడు ఆయన ముందు రోజుల తరబడి పాడాడు. 1835లో మొదటి కూర్పు వచ్చింది. దాన్ని బాగా పెంచి 1849లో రెండోది తెచ్చాడు. 50 పాటలు, 22,795 పాదాలు. ఇవాళ కలెవల అంటే ఆ రెండోదే.

విడివిడిగా ఉన్న పాటల్ని ఒక కథగా అతికించింది లోన్‌రోటే. అక్కడక్కడా సొంత పాదాలు కూడా వేశాడు. ఏ అతుకు ఎక్కడుందో వెతికే పని పండితులు ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు. అది వాళ్లకి వదిలేద్దాం.

పాట నడక గురించి ఒక్క ముక్క. పాదానికి సుమారుగా ఎనిమిది అక్షరాలు. మన యతిప్రాసలు వాళ్లకి లేవు గానీ, ఒకే పాదంలో మాటలు ఒకే అక్షరంతో మొదలవడం వాళ్లకి మహా ఇష్టం. "వకా వన్హా వైనామొయినెన్", అంటే స్థిరమైనవాడు, ముసలివాడు వైనామొయినెన్ అని. ఒక పాదంలో చెప్పిన మాటను తర్వాతి పాదం ఇంకో రకంగా మళ్లీ చెప్తుంది. పాత రోజుల్లో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చేతులు పట్టుకుని, ఒకరు పాదం అందుకుంటే రెండోవాడు వంత పాడేవాడని వర్ణనలు ఉన్నాయి. బుర్రకథ విన్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

ఈ వైనామొయినెన్ పాటగాడు. ఏ పనైనా పాటతో, మంత్రంతో చేస్తాడు. ఇల్మరినెన్ చేతులతో చేస్తాడు. కథంతా ఈ ఇద్దరి మధ్య నడుస్తుంది. ఒకడికి నోరు, ఇంకొకడికి సుత్తి. ఇది గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

కలెవలకి చాలా ముందే ఇల్మరినెన్ పేరు కాగితం మీదికెక్కింది. 1551లో మికాయెల్ అగ్రికోలా అనే క్రైస్తవ మతగురువు, తమవాళ్లు వదలకుండా కొలుస్తున్న పాత దేవుళ్ల జాబితా రాస్తూ, ఇల్మరినెన్ వాతావరణాన్ని ఇస్తాడని, ప్రయాణికుల్ని ముందుకు నడిపిస్తాడని రాశాడు. 'ఇల్మ' అంటే వాళ్ల భాషలో గాలి, వాతావరణం. అంటే మొదట్లో ఇతను ఆకాశపు దేవుడు. ఉద్ముర్తులని రష్యాలో వాళ్లకి దూరపు చుట్టాలైన జాతి ఉంది, వాళ్ల ఆకాశ దేవుడు ఇన్మార్. కలెవల నాటికి దేవుడు మనిషయ్యాడు, కొలిమి మసి పూసుకున్నాడు. పాత గొప్ప మాత్రం ఒకటి మిగిలింది. ఆకాశపు కప్పును కొట్టింది ఇతనే అని పాటలో వస్తుంది. ఎంత నున్నగా కొట్టాడంటే, దాని మీద సుత్తి దెబ్బ కనబడదు, పట్టకారు నొక్కు కనబడదు. మేకు కొట్టినా పక్కన సుత్తి గంటు పడే నాలాంటివాడికి ఆ వర్ణన చాలు, దణ్ణం పెట్టడానికి.

ఇనుము పుట్టుక పాట తొమ్మిదోది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. సందర్భం ఏమిటంటే, వైనామొయినెన్ పడవ చెక్కుతుంటే గొడ్డలి జారి మోకాలు తెగింది. రక్తం ఆగదు. రక్తం కట్టాలంటే గాయం చేసిన ఇనుముకు దాని పుట్టుక గుర్తు చేయాలి. దాని మూలం తెలిసినవాడికే అది లొంగుతుంది. పాట సగం పురాణం, సగం చీవాట్లు. "నువ్వు పాలుగా ఉన్నప్పుడు ఇంత గొప్పదానివి కావే" అని ఇనుముని తిడతాడు చికిత్స చేసే ముసలాయన.

పాలేమిటి అంటారా? ముగ్గురు కన్యలు ఆకాశంలో నడుస్తూ చనుబాలు నేల మీద పిండారట. ఒకరివి నల్లని పాలు, అవి పడ్డచోట మెత్తని ఇనుము. ఒకరివి తెల్లని పాలు, అక్కడ ఉక్కు. మూడో ఆవిడవి ఎర్రని పాలు, అక్కడ పెళుసు ఇనుము. అన్నదమ్ముల్లో నీరు పెద్దది, నిప్పు నడిమిది, ఇనుము కడగొట్టుది. తమ్ముడు అన్నని చూద్దామని ముచ్చటపడి వెళ్తే నిప్పు మింగబోయింది. ఇనుము పరుగెత్తి బురద కుంటలో దాక్కుంది. ఏళ్ల తరబడి దాని మీదుగా తోడేళ్లు, ఎలుగుబంట్లు నడిచాయి. వాటి అడుగుల్లో తుప్పు రంగు పైకి తేలింది. దాన్ని చూసినవాడు ఇల్మరినెన్.

ఇది కట్టుకథ అనుకోకండి, అంటే పూర్తిగా కాదు. ఫిన్లండ్‌లో ఇనుము నిజంగానే బురదలోంచి, చెరువు అడుగునుంచి తీసేవారు. నేలలోని ఇనుము నీళ్లలో కరిగి కుంటల్లోకి చేరుతుంది, గాలి తగిలి, సూక్ష్మజీవుల పని కూడా తోడై, తుప్పు రంగు గడ్డలుగా పేరుకుంటుంది. 19వ శతాబ్దంలో కూడా చెరువుల్లో తెప్పల మీద నిలబడి పొడుగాటి కర్రలున్న పారలతో ఆ గడ్డల్ని తోడేవారు. ఎలుగుబంటి అడుగులో ఎర్రనీళ్లు చూసినవాడెవడో ఉన్నాడు. పాట అతన్ని మర్చిపోలేదు.

సరే, ఇల్మరినెన్ ఇనుముని నిప్పులో పెట్టాడు. అది గంజిలా ఉడికిపోయి "నన్ను బయటకు తియ్యి" అని ఏడ్చింది. తీస్తే నువ్వు పెరిగి పెద్దదానివై నీ అన్ననే కోస్తావు అన్నాడతను. ఇనుము ఒట్టు పెట్టింది: కొరకడానికి చెట్లున్నాయి, తినడానికి రాళ్లున్నాయి, అన్నని ముట్టను అని. బయటికి తీసి కొట్టాడు. ఇక పదును పెట్టాలి, ఉత్త నీళ్లు చాలవు. తేనె తెమ్మని తేనెటీగని పంపాడు. ఆ మాట చూరు కింద ఉన్న కందిరీగ విన్నది. అది దెయ్యం మనిషి, క్షమించాలి, దెయ్యం పురుగు. పాము విషం, చీమల రసం, కప్ప కుళ్లు తెచ్చి పదును నీళ్లలో పోసింది. తేనె అనుకుని ఇల్మరినెన్ అందులోనే ఇనుము ముంచాడు. అది పిచ్చెత్తి లేచింది, ఒట్టు తప్పింది. అప్పటినుంచి కోస్తూనే ఉంది.

చిన్నప్పుడు మా ఊళ్లో తొలకరికి ముందు కర్రులు కాల్పించుకోవడానికి కొలిమి దగ్గర వరస కట్టేవారు. తిత్తి లాగే పని పిల్లలది, పోటీ పడి లాగేవాళ్లం. ఎర్రటి కర్రు నీళ్లతొట్టిలో పెడితే చుయ్యిమని లేచే ఆవిరి కోసం. ఆ తొట్టిలో నీళ్లు మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు కమ్మరి తాత. రంగు చూసి, ఏదో లెక్క వేసుకుని, ఒక్క క్షణం ముంచి తీసేవాడు. ఎక్కువైతే పెళుసు, తక్కువైతే మెత్తన. కర్రు మంచిదా చెడ్డదా తేలేది ఆ క్షణంలో. ఫిన్లండ్ పాట కూడా మంచి చెడ్డలు నిర్ణయమయ్యే చోటుగా పదును తొట్టినే పట్టుకుంది చూశారా. కొలిమి దగ్గర కూర్చుని చూసినవాడు కట్టిన పాట అది.

ఇప్పుడు అసలు పెద్ద పని. సంపో.

ఉత్తరాన పొహ్యొలా అనే చీకటి దేశం, దాని యజమానురాలు లౌహి. వైనామొయినెన్ ఒకసారి సముద్రంలో కొట్టుకుపోయి ఆమె చేతికి చిక్కాడు. ఇంటికి పంపాలంటే నాకు సంపో చేసి పెట్టు, చేసినవాడికి నా కూతుర్నిస్తాను అంది. నాకు రాదు గానీ చేసేవాణ్ని పంపుతానని మాటిచ్చి బయటపడ్డాడు. ఇల్మరినెన్ దగ్గరికొచ్చి పిల్ల అందం వర్ణిస్తే, అతను తెలివి తక్కువవాడేం కాదు, "ఓహో, నీ తల విడిపించుకోవడానికి నన్ను తాకట్టు పెట్టొచ్చావా" అన్నాడు. రానన్నాడు. అప్పుడు వైనామొయినెన్ పాట పాడి ఒక చెట్టు మొలిపించాడు, కొనన చందమామ, కొమ్మల మీద సప్తర్షులు. ఎక్కి దింపు చూద్దాం అన్నాడు. పనివాడికి ఎదురుగా వింత వస్తువు పెడితే ఊరుకుంటాడా? ఎక్కాడు. పెనుగాలి వచ్చి పొహ్యొలా వాకిట్లో పడేసింది.

లౌహి ఇచ్చిన సరుకు వినండి. హంస ఈక కొన, గొడ్డు ఆవు పాలు, ఒక బార్లీ గింజ, ఒక గొర్రె ఉన్ని. అక్కడ కొలిమి లేదు, తిత్తి లేదు, సుత్తి పిడి కూడా లేదు. మూడు రోజులు వెతికి ఒక చారల బండ దొరికితే అక్కడ కొలిమి కట్టాడు.

మొదటి రోజు నిప్పులోంచి విల్లు లేచింది. బంగారు విల్లు, చూడముచ్చటగా ఉంది. కానీ రోజుకో తల కావాలంటుంది, మంచిరోజైతే రెండు. విరిచి నిప్పులో వేశాడు. రెండో రోజు పడవ. అందంగానే ఉంది గానీ కారణం లేకుండా యుద్ధానికి పోతుంది. ముక్కలు చేసి నిప్పులో వేశాడు. తర్వాత బంగారు కొమ్ముల పెయ్య. అడవిలో పడుకుంటుంది, పాలు నేలపాలు చేస్తుంది. అదీ నిప్పులోకే. తర్వాత నాగలి. బంగారు కర్రు, రాగి కాడ. అది పక్కవాడి పొలం దున్నుతుంది!

నాగలిని కూడా విరిచేశాడు. నాకు ఈ నాగలి అంటేనే ముచ్చట. విల్లు తల అడగడం, పడవ కయ్యానికి పోవడం పెద్ద పాపాలు, ఎవరైనా గుర్తుపడతారు. గట్టు జరిపే నాగలిని కూడా అదే వరసలో పెట్టిన పల్లెటూరి గాయకుడికి పొలం తగాదాలు బాగా తెలుసు. (నవ్వులు) ఇంకో సంగతి. ఈ నాలుగూ చేతకాని పనులు కావు. చూడ్డానికి బంగారంలా ఉన్నాయి, బజారులో పెడితే మంచి ధర పలికేవే. వస్తువు ఎలా ఉందో కాదు, బయటికెళ్లి ఏం చేస్తుందో చూసి విరిచాడు.

చివరికి గాలుల్నే తిత్తి ఊదమన్నాడు. తూర్పుగాలి, పడమటిగాలి, అన్నీ కలిసి మూడు రోజులు ఊదాయి. నిప్పులో తొంగి చూస్తే సంపో పుట్టుకొస్తోంది. ఒక వైపు పిండి మర, ఒక వైపు ఉప్పు మర, మూడో వైపు డబ్బు మర. పైన రంగురంగుల మూత. సాయంత్రానికి ఒక గాదె తినడానికి, ఒకటి అమ్మడానికి, ఒకటి దాచడానికి విసిరింది. లౌహి దాన్ని కొండలోపల తొమ్మిది తాళాల వెనక పెట్టింది, అది తొమ్మిది బారల లోతుకి వేళ్లు దించింది.

సంపో అంటే అసలేమిటి? సంపద అనే మాట గుర్తొస్తుంది మనకి, చుట్టరికం ఏమీ లేదు. ఆకాశాన్ని మోసే స్తంభం అన్నారు, మర అన్నారు, నాణేల అచ్చు అన్నారు. మన స్కంభ, స్తంభ శబ్దాలతో కలిపి చూసినవాళ్లూ ఉన్నారు. పక్కదారే గానీ చెప్తాను, సింధు లిపి వెనక ఉన్నది ద్రావిడ భాషేనని వాదించిన అస్కో పర్పోలా కూడా ఆ దేశపు పండితుడే. సంపో విషయంలో నా ఓటు అక్సెలి గల్లెన్-కల్లెల అనే చిత్రకారుడికి. 1893లో 'సంపో తయారీ' అని పెద్ద బొమ్మ వేశాడు, హెల్సింకీలో అతెనెయుమ్ మ్యూజియంలో ఉంటుంది. మంట ఉంది, చెమటోడ్చే పనివాళ్లున్నారు, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కొలిమిలోకి చూస్తున్న ఇల్మరినెన్ ఉన్నాడు. సంపో మాత్రం లేదు.

కూలి సంగతి. మా ఊరి కమ్మరికి పంట ఇంటికొస్తే మేర కొలిచేవారు. ఇల్మరినెన్‌కి అదీ దక్కలేదు. పిల్ల "నేను వెళ్లిపోతే ఇక్కడ కోయిలల్ని ఎవరు కూయిస్తారు" అని ఏదో చెప్పి రానంది. టోపీ వంచుకుని వట్టి చేతులతో ఇంటికొచ్చాడు. తర్వాత మళ్లీ వెళ్లి, పాముల పొలం దున్ని, చావులోకపు ఎలుగుబంటికి కళ్లెం వేసి, అక్కడి నదిలో పెద్ద చేపను పట్టడానికి ఇనుప గద్దను చేసి, అప్పుడు పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి పాటలు ఒక అరడజను ఉన్నాయి, మనవాళ్ల అప్పగింతల పాటల్లా ఏడిపిస్తాయి, అవి వేరే రోజు. ఆ ఇల్లాలు ఎక్కువ కాలం బతకలేదు. కుల్లెర్వో అనే పాలేరుకి పంతానికి రొట్టెలో రాయి పెట్టి కాల్చి ఇచ్చింది. కోయబోతే అతని తండ్రి గుర్తుగా మిగిలిన ఒక్క చాకూ విరిగిపోయింది. సాయంత్రం ఆవులకు బదులు ఎలుగుబంట్లనీ తోడేళ్లనీ తోలుకొచ్చి ఆమెను చంపించాడు.

ఇల్మరినెన్ ఏడ్చాడు. నెలల తరబడి సుత్తి ముట్టలేదు. రాత్రి పక్క మీద చెయ్యి వేస్తే ఖాళీ. చివరికి అతనికి తెలిసిన ఒక్క దారే పట్టాడు. బంగారం, వెండి పోగేసి కొలిమి రాజేశాడు. ముందు గొర్రె వచ్చింది, తర్వాత గుర్రప్పిల్ల, వద్దని లోపలికి తోశాడు. తర్వాత ఆడపిల్ల. వెండి తల, బంగారు జుట్టు. రాత్రీ పగలూ కొట్టాడు. కాళ్లు చేశాడు, నడవవు. చేతులు చేశాడు, కౌగిలించుకోవు. చెవులు వినవు, నోట్లో మాట లేదు. పక్కన పడుకోబెట్టుకుని దుప్పట్లు, ఎలుగుబంటి తోళ్లు కప్పుకున్నాడు. దుప్పటి వైపు ఒళ్లు వెచ్చగా ఉంది. ఆమె వైపు ఒళ్లు మంచుగడ్డ కట్టింది.

తెల్లారి ఆ బొమ్మని వైనామొయినెన్‌కి ఇవ్వబోతాడు, అది ఇంకా దిగులుగా ఉంటుంది. ఆయన వద్దన్నాడు, కరిగించి వేరే సామాన్లు చేసుకో, లేదా రష్యాకో జర్మనీకో పట్టుకెళ్లు అన్నాడు. తర్వాత ఇల్మరినెన్ భార్య చెల్లెలి కోసం పొహ్యొలా వెళ్తాడు. పిల్లనివ్వం అంటే ఎత్తుకొస్తాడు, దారిలో కోపం పట్టలేక ఆమెను సముద్రపు పక్షిగా మార్చేస్తాడు. ఈ ఘట్టంలో అతని మీద నాకు సానుభూతి లేదు, మీరూ పెట్టుకోనక్కర్లేదు.

ఆ ప్రయాణంలో చూసొచ్చిన సంగతే తర్వాతి గొడవకి మూలం. సంపో ఉన్న పొహ్యొలా సుఖంగా ఉంది, చేసినవాడి చేతిలో ఏమీ లేదు. ఇల్మరినెన్, వైనామొయినెన్, లెమ్మింకైనెన్ అనే ఇంకో వీరుడు, ముగ్గురు కలిసి దొంగతనానికి వెళ్లారు, ఎత్తుకొచ్చారు. లౌహి పెద్ద గద్దలా వెంటపడింది, పెనుగులాటలో సంపో సముద్రంలో పడి పగిలింది. ముక్కలు కొన్ని నీటిపాలు, సముద్రానికి ఆ సంపద అందుకే. కొన్ని ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, ఫిన్లండ్ నేల పండేది అందుకే.

ఫిన్లండ్‌లో ఈ పేర్లు ఇప్పటికీ తిరుగుతుంటాయి. ఇల్మరినెన్ పేరుతో 1961 నుంచి ఒక పెద్ద పెన్షన్ కంపెనీ ఉంది, సంపో పేరుతో బీమా కంపెనీ ఉంది. రోజూ విసిరే మరకి అంతకన్నా తగిన వ్యాపారం ఏముంటుంది! ఇల్మరినెన్ పేరు పెట్టుకున్న యుద్ధనౌక మాత్రం 1941 సెప్టెంబర్ 13న మందుపాతరలు తగిలి మునిగింది, 271 మంది పోయారు.

టైం అయిందని సైగ చేస్తున్నారు. ఒక్క కథ, ముందు చెప్తానన్నది.

సంపో పోయిన కసితో లౌహి సూర్యుణ్ని, చంద్రుణ్ని పట్టుకుని కొండలో దాచేసింది. లోకమంతా చీకటి. జనం ఎవరి దగ్గరికి వెళ్తారు? కొలిమికే వెళ్లారు. ఇల్మరినెన్ బంగారంతో చందమామని, వెండితో సూర్యుణ్ని కొట్టాడు. ఏం చేస్తున్నావని వైనామొయినెన్ అడిగితే చెప్పాడు. అవి వెలగవయ్యా అన్నాడు ముసలాయన. అయినా చెమట్లు కక్కుతూ ఒకదాన్ని దేవదారు కొనకి, ఇంకోదాన్ని పైన్ చెట్టు కొనకి ఎక్కించాడు. వెలగలేదు. ఆకాశపు కప్పు కొట్టిన చెయ్యే అది.

వైనామొయినెన్ వెళ్లి కొండ తలుపులు చూసొచ్చాడు. మంత్రంతో తెరుచుకోలేదు. ఆయన పాట కూడా ఆగిపోయింది అక్కడ. తిరిగొచ్చి, మూడు పళ్ల పార, డజను గునపాలు, తాళంచెవుల గుత్తి చేసి పెట్టు అన్నాడు. ఇల్మరినెన్ చెయ్యడం మొదలెట్టాడు. ఆ సుత్తి చప్పుడు లౌహికి వినబడింది. డేగలా ఎగిరొచ్చి కొలిమి కిటికీలో వాలింది.

"ఏం చేస్తున్నావు కమ్మరీ?" అంది.

కొలిమిలో ఉన్నవి గునపాలు, తాళంచెవులు. అతను తల తిప్పి, "పొహ్యొలా ముసలిదానికి మెడపట్టీ చేస్తున్నాను. కొండకి కట్టెయ్యడానికి" అన్నాడు.

అంతే. పాటగాడు చెయ్యాల్సిన పనిని సుత్తివాడు ఒక్క మాటతో చేశాడు. ఇదే మాట నేనో మీరో అంటే డేగ నవ్వి ఎగిరిపోయేది. ఆమె మాత్రం సంపో కొట్టిన చేతుల్ని కళ్లారా చూసింది.

లౌహి తిరిగివెళ్లి కొండ తెరిచి సూర్యచంద్రుల్ని వదిలేసింది. పావురంలా మారి మళ్లీ వచ్చి గడప మీద వాలింది. ఎందుకొచ్చావన్నాడు. చందమామ కొండలోంచి బయటికొచ్చింది, సూర్యుడూ వచ్చాడు, ఆ మాట చెబుదామని వచ్చాను అంది. ఇల్మరినెన్ కొలిమి వదిలి బయటికొచ్చి పైకి చూశాడు. రెండూ ఉన్నాయి. వైనామొయినెన్‌కి చెప్పడానికి వెళ్లాడు.

ఉంటాను, నమస్కారం.